రేకుబల్ల మీద చప్పుడు

ఆస్పత్రి అంటే జనానికి పైఅంతస్తులే గుర్తొస్తాయి. తెల్లకోట్లు, వరస మంచాలు, పళ్ల సంచులతో వచ్చే చుట్టాలు. కింద నేలమాళిగలో ఇంకో ఆస్పత్రి ఉంటుందనీ, పైన ఒలికిన నెత్తురూ చీమూ వాంతులూ అన్నీ దుప్పట్లలో మూటలై అక్కడికి దిగుతాయనీ ఎవరికీ తట్టదు. తట్టకపోవడమే మంచిదిలెండి. తడితే ఆ దుప్పటి కప్పుకోబుద్ధి కాదు.

ఆ మూటలు విప్పే మనిషి చెవులమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ జీతం ఇచ్చే గుమస్తాకి తప్ప దాని అవసరం ఎవరికీ రాలేదు. ఆవిడవి పాముచెవులని మూటలబండి తోసేవాడు ఎప్పుడో అన్నాడు. వాడకంలో పాము జారిపోయి చెవులు మిగిలాయి. ఇప్పుడు నిద్రలో పిలిచినా ఆ పేరుకే పలుకుతుంది.

చూసేవాళ్లకి ఆ పని ఇంతే. మూట కట్టు విప్పాలి, దుప్పట్లు విడదీయాలి, తెల్లవి ఒక బుట్టలో, పచ్చవి ఒక బుట్టలో, నెత్తురంటినవి మరో బుట్టలో వేయాలి. బుట్టలు మిషన్ల దగ్గరికి పోతాయి. ఇందులో ఏముంది, మా ఆవిడ రోజూ ఇంట్లో చేసేదే కదా అనిపిస్తుంది ఎవరికైనా. నిజమే. కాకపోతే వాళ్లావిడ ఉతికే దుప్పట్లలో సూదులుండవు.

ఆపరేషన్ గదుల్లో మనుషులు హడావిడిగా ఉంటారు. పాపం వాళ్లననీ లాభం లేదు, బల్ల మీద ప్రాణం ఉంటుంది. ఆ హడావిడిలో ఒక సూది, ఒక బ్లేడు, పగిలిన మందుసీసా ముక్క గుడ్డల్లో ఉండిపోతుంది. గుడ్డలు నాలుగు కొసలూ కలిపి మూటకడతారు. మూట కిందికి దిగుతుంది. పైన పారేసిన సూదిని కింద ఎవరో ఒకరు దొరకబుచ్చుకోవాలి, చేతికి దొరక్కుండా.

చెవులమ్మ మూటలో చెయ్యి పెట్టదు. తన బల్ల మీద పాత షెడ్డు నుంచి దించిన రేకు ముక్కని వేయించుకుంది. దానికోసం ఎంతమందిని బతిమాలిందో ఆవిడకే తెలుసు. గుడ్డ కొస పట్టుకుని, భుజం ఎత్తుకి లేపి, రేకు మీదికి జారవిడుస్తుంది. గుడ్డ ధబ్బున పడుతుంది. ఆ చప్పుడు అడుగున చిన్నగా టిక్కుమంటే సూది. టింగుమని సాగితే బ్లేడు. గరగరలాడితే గాజు. తడిగుడ్డలైతే చప్పుడు మింగేస్తాయి కాబట్టి వాటిని బల్ల అంచు మీదుగా కర్రతో మెల్లగా లాగుతుంది, గీత పడిన శబ్దం కోసం. ఉంగరాలు దొరికాయి, గుండీలు దొరికాయి. ఒకసారి మొత్తం పైవరస పళ్లు దొరికాయి. "కట్టుడుపళ్లు రేకు మీద పడితే ఎట్లా మోగుతాయో లోకంలో నాకొక్కదానికే తెలుసు, ఏం లాభం, ఎవరూ అడగరు" అని నవ్వేది.

పక్కనే మూడు పెద్ద మిషన్లు. అవి నీళ్లు నింపుకునేటప్పుడు, గుడ్డలు నానేటప్పుడు నేలమాళిగంతా సూది పడినా వినబడేంత నిశ్శబ్దంగా ఉంటుంది. నీళ్లు పిండడం మొదలుపెడితే మాత్రం పళ్లు కూడా అదురుతాయి. ఆ మోతలో ఆపరేషన్ మూటలని చెవులమ్మ ముట్టుకోదు. మామూలు వార్డు గుడ్డలుంటే చూస్తుంది, లేకపోతే బల్ల పక్కనున్న బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. మోత ఆగాక లేస్తుంది. ఇది ఎవరూ ఆవిడకి నేర్పింది కాదు, ఆవిడ ఎవరికీ చెప్పింది కాదు. ఊపిరి ఎప్పుడు పీల్చాలో ఎవరికి చెప్తాం?

"మళ్లీ బెంచీ అరగదీస్తున్నావా" అని సణిగేవాడు లాండ్రీ సూపర్‌వైజర్. అతను చెడ్డవాడేం కాదు. పైవాళ్లు మొట్టితే ఆ మొట్టికాయ కిందికి అందించే రకం, అంతే.

ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర ఎవరికీ సూది గుచ్చుకోలేదు. గుచ్చుకోలేదు కాబట్టే అక్కడ సూదులుంటాయని కూడా పైన ఎవరికీ గుర్తులేదు.

ఇంట్లో చెవులమ్మకి కొడుకూ కోడలూ, కోడలి ఒళ్లో ఇంకా పాకడం రాని మనవరాలూ ఉన్నారు. కొడుకు లారీ తోలతాడు. ఇంటికొచ్చిన రోజున పండగ, లేని రోజుల్లో ఫోను. కోడలు అదే ఆస్పత్రిలో వరండాలు తుడుస్తుంది. ఇద్దరూ పనికొస్తే బిడ్డని పక్కగదిలో ఉండే ముసలావిడ చూసుకుంటుంది. మధ్యాహ్నం కాగానే కోడలు గుండెల మీద తువ్వాలు అదుముకుని, కారిపోతున్న పాలతో వీధుల వెంట పరుగెత్తి బిడ్డకి పాలిచ్చి, మళ్లీ పరుగెత్తుకొచ్చేది. వచ్చాక తినడానికి వ్యవధి ఉండేది కాదు. అట్లా పరుగెత్తే పిల్లని చూసినప్పుడల్లా చెవులమ్మ ఊరుకోలేకపోయేది.

"బిడ్డ నడిచేదాకా ఇంట్లో ఉండవే" అనేది.

"ఉంటే పొయ్యి మీదకి ఏం ఎక్కుద్ది అత్తయ్యా, మీ చెవులా?" అనేది కోడలు. నోరున్న పిల్ల. అత్తకి ఆ నోరంటేనే ఇష్టం.

అట్లాంటి రోజుల్లో మూటలబండాయన ఒక కబురు మోసుకొచ్చాడు. ఆస్పత్రిలో పనులన్నిటికీ కొత్తగా గ్రేడులు వేస్తున్నారట. ఒక ఆఫీసరు వచ్చి ప్రతి పనీ కళ్లారా చూస్తాడట. నేర్పున్న పని అని రాస్తే జీతం పెరుగుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఆ పనిలోకి వచ్చేవాళ్లకి ముందు నేర్పించి గానీ పని అప్పగించకూడదు. అన్‌స్కిల్డ్ అని రాస్తే ఉన్నదుంటుంది.

"అన్‌స్కిల్డంటే ఏంటి తమ్ముడూ?" అని అడిగింది చెవులమ్మ.

"మన చేతులకి బుర్ర లేదని అక్కా. మిషనాయన బటన్ నొక్కుతాడు చూడు, ఆ వేలికి బుర్రుంది. సర్టిఫికెట్టుందిగా." బండాయన చక్రానికి చుట్టుకున్న దారాలు లాగుతూ అన్నాడు. "నీకు మాత్రం గ్రేడు రాకపోతే నా మీసం తీసేస్తా."

చెవులమ్మ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఆశ దాచుకోవడం చేతకాక, చెప్పులు విప్పకుండానే చెప్పేసింది. "అమ్మాయ్, గ్రేడొస్తే నువ్వు మానేద్దువుగాని. నా ఒక్కదాని జీతం సరిపోద్ది. బిడ్డ నడిచేదాకా నువ్వు గడప దాటక్కర్లేదు." కోడలు ఏదో ఎకసెక్కం ఆడబోయి, ఆడలేక, బిడ్డ తలలో ముక్కు దూర్చేసింది. ఆ పిల్ల ఏడవడం చెవులమ్మ అదే మొదటిసారి చూడటం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన ఆడవాళ్లకి, మగవాళ్లకి కూడా అనుకోండి, ఒక జబ్బుంది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ఉన్న ఇల్లు చూపించం. తుడిచి, కడిగి, చిరుగులున్న దుప్పటి అడుగున పెట్టి, ఎవరిదో ఇల్లు చూపిస్తాం. వచ్చినవాళ్లు "ఎంత హాయిగా బతుకుతున్నారో" అనుకుంటూ వెళ్తారు. మనం పొంగిపోతాం. అప్పు అడగడానికి పిలిచిన చుట్టానికి కూడా అదే మర్యాద చేస్తాం.

ఆఫీసరు వచ్చే రోజు చెవులమ్మ అందరికంటే ముందు వెళ్లింది. నేల కడిగింది. రేకుని బూడిదతో తోమి తళతళలాడించింది. ఆ తరవాత ఆపరేషన్ మూటలన్నీ ఒక్కొక్కటే విప్పి, సూదులూ బ్లేడులూ ఏరేసి డబ్బాలో వేసి, డబ్బాని బల్ల కిందికి తోసేసి, మూటలని ఎట్లా ఉన్నవాటిని అట్లా తిరిగి కట్టేసింది.

బండాయన చూసి నోరు తెరిచాడు. "అదేంటక్కా, ముందే ఏరేశావు?"

"పెద్దమనిషి వచ్చినప్పుడు ఆ రోతంతా ఆయన ముందు పెడతామా? ఆయనకేమన్నా గుచ్చుకుంటే?" అంది చెవులమ్మ. బండాయనకి కూడా నిజమే అనిపించింది. ఆయన సొంత ఇల్లు కూడా చుట్టాల ముందు అట్లాగే ఉంటుంది మరి.

ఆఫీసరు మర్యాదస్తుడు. చేతులు వెనక్కి కట్టుకుని, అడుగుతున్నది వాళ్లకి అర్థమవుతోందా అని ముఖంలోకి చూస్తూ మాట్లాడే మనిషి. వెనక సూపర్‌వైజరు. మెట్ల మీద బకెట్టూ తుడుపుకర్రతో కోడలు, తొంగి చూస్తూ. అత్త పనిని గొప్పవాళ్లు చూసే రోజు కదా, తనూ చూడాలని వరండా సగంలో వదిలేసి వచ్చింది.

చెవులమ్మ మూట విప్పింది. గుడ్డ ఎత్తి జార్చింది. ధబ్. ఇంకోటి. ధబ్. రేకు మీద ఇంకే చప్పుడూ లేదు, ఎట్లా ఉంటుంది? చేతులు అలలాగా లేచి పడుతున్నాయి. తెల్లవి ఇటు, పచ్చవి అటు. చూడముచ్చటగా ఉంది. అంతలో మిషన్లు పిండడం మొదలుపెట్టాయి. నేల అదిరింది.

రోజూ అయితే కూర్చునేది. కానీ ఆఫీసరు నిలబడి ఉంటే తను కూర్చోవడమా? అదీగాక సూపర్‌వైజరు కళ్లు బెంచీ మీదే ఉన్నాయి. మూటల్లో ఏమీ లేదని తనకి తెలుసు. ఆపరేషన్ మూట లాక్కుని, ఆ మోతలోనే విప్పి, తడిగుడ్డలని కర్రతో లాగే పని కూడా పెట్టుకోకుండా, చంకలోకి పోగేసి చకచకా బుట్టలోకి వేసేసింది. మెట్ల మీద కోడలి ముఖం వెలిగిపోతోంది.

మోత తగ్గాక ఆఫీసరు ముచ్చటపడ్డాడు. "నేనొకటి వేసి చూడనా?" అని చేతులకి తొడుగులు వేసుకుని ఒక దుప్పటి ఎత్తి జార్చాడు. ధబ్బున పడింది. "నాకూ వచ్చేసిందే!" అన్నాడు. అందరూ నవ్వారు. చెవులమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది, ఆయన చిన్నబుచ్చుకోకూడదని.

"ఈ పనిలో కష్టమేమిటమ్మా? ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది ఏమన్నా ఉందా?"

అడిగాడు పాపం. అడగలేదని అనడానికి లేదు. బండాయన పక్కనుంచి మోచేత్తో పొడిచాడు కూడా. చెవులమ్మ నోట్లోకి ఎన్నో వచ్చాయి గానీ, తన గురించి తను చెప్పుకుంటే డప్పు కొట్టుకున్నట్టుంటుందని మొత్తం మింగేసి, అందరూ అనే మాటే అంది.

"ఏముంది బాబూ, అలవాటైన పనేగా. చేతులు వాటంతటవే చేసుకుపోతాయి."

ఆఫీసరు తల ఊపాడు. వెళ్తూ వెళ్తూ బెంచీ చూసి "ఇదెందుకు?" అన్నాడు. సూపర్‌వైజరు "ఖాళీ ఉన్నప్పుడు కూర్చుంటారండీ" అన్నాడు. అబద్ధం ఏమీ చెప్పలేదు.

ఆర్డరు వచ్చిన రోజు బండాయన మీసం తీయలేదు గానీ తల దించుకుని తిరిగాడు. గుడ్డలు విడదీసేవాళ్లూ, వరండాలు తుడిచేవాళ్లూ, చెత్త ఎత్తేవాళ్లూ అంతా ఒకటే గ్రేడు, అన్‌స్కిల్డ్. ఒకటే గ్రేడు కాబట్టి అవసరాన్ని బట్టి ఎవరిని ఎక్కడైనా వేయవచ్చు. ఖాళీ సమయం వృథా కాకుండా చూడాలి. మర్నాటికి బెంచీ మాయమైంది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అట్లా అయింది చెవులమ్మ పని. ఆవిడకి కోపం ఆఫీసరు మీద రాలేదు, తన మీదే వచ్చింది. కష్టాన్ని కడిగి ముగ్గేసి చూపించింది ఎవరు? "అమ్మాయ్, అయిపోయిందే" అంది ఇంటికొచ్చి. కోడలు "పోతే పోయింది, నేనేమన్నా పరుగెత్తలేక పడి ఉన్నానా" అని బిడ్డని ఎగరేసింది. బిడ్డ కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని చెవులమ్మకి ఏడుపొచ్చింది.

కొన్నాళ్లు ఏమీ జరగలేదు. తరవాత ఒక ఉదయం గేటు దగ్గరే సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. "చెవులమ్మా, పైన వరండాల వాళ్లు చాలామంది రాలేదు. ఈ రోజు నువ్వు పైకెళ్లు. మీ కోడలు కిందకొస్తుంది. బల్ల ఎత్తు ఉంది కదా, వంగక్కర్లేదు, బాలింతకి సుఖం."

సుఖం! అతను నిజంగానే మేలు చేస్తున్నాననుకున్నాడు. కోడలు కూడా సంబరపడింది, నడుము వంచి తుడవక్కర్లేదని.

"బాబూ, దానికి చూపించాలి. ఇవ్వాళ్టికి నన్ను పక్కన ఉండనివ్వండి" అంది చెవులమ్మ.

"ఒక్క పూటకి ఇద్దరెందుకు? గుడ్డలు విడదీయడానికి పాఠాలా?"

చెవులమ్మకి మెట్ల దాకా నడిచే వ్యవధే దొరికింది. కోడలి భుజం పట్టుకుని గబగబా చెప్పింది. "చెయ్యి మూటలో పెట్టకు. కొస పట్టుకుని రేకు మీదికి జార్చు. చప్పుడు విను. టిక్కుమంటే ఆగిపో, కర్రతో విడదియ్యి. అర్థమైందా?"

"అయింది అత్తయ్యా. మీరు చేస్తుంటే చూశాగా."

మోత వచ్చినప్పుడు ముట్టుకోవద్దని చెప్పలేదు. దాచిపెట్టి కాదు. అది చెప్పాల్సిన సంగతని ఆవిడకి తోచనే లేదు.

ఆ పూట వరండా తుడుస్తుంటే ఎవరో పరుగున వస్తున్న చప్పుడైంది. బండాయన చెప్పుల చప్పుడు. ఆయన ఎప్పుడూ పరుగెత్తడు. చెవులమ్మ తుడుపుకర్ర వదిలేసింది.

కోడలు కింద బల్లకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. కుడిచేతి బొటనవేలి కింద కండలో సూది దిగి, విరిగి, సగం బయటికి కనిపిస్తోంది. విరిగి పక్కన పడిన గొట్టంలో ఎవరిదో నల్లటి నెత్తురు. పచ్చటి తడిగుడ్డ ఒళ్లో అట్లాగే ఉంది. మిషన్లు ఇంకా పిండుతూనే ఉన్నాయి. ఆ మోతలో ఏ మాటా వినబడక చెవులమ్మ కోడలి నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఏం చప్పుడూ రాలేదు అత్తయ్యా. నేను విన్నా. నిజంగా విన్నా."

"మోతలో ఎందుకు ముట్టుకున్నావే తల్లీ! మోతలో ఎవరన్నా ముట్టుకుంటారా!"

కోడలు నిజంగానే అర్థంకానట్టు చూసింది. "ఆ రోజు ఆఫీసరు ముందు మీరు అట్లాగే చేశారు కదా అత్తయ్యా. మోతలోనే విప్పి, ఇట్లా చంకలోకి..."

చెవులమ్మ కర్ర అందుకుని ఆ పచ్చగుడ్డని కోడలి ఒళ్లోంచి అవతలికి లాగేసింది.

డాక్టరమ్మ మంచిది. చెయ్యి కోసి సూది తీసింది, కుట్లేసింది, మాత్రలిచ్చింది. ఆ నెత్తురు ఎవరిదో, అందులో ఏ జబ్బుందో కనుక్కోవడం కుదరదంది. ఏ మూట ఏ రోగిదో ఎవరు రాసిపెడతారు? పరీక్షలు ఇప్పుడొకసారి, నెలలు గడిచాక మళ్లీ చెయ్యాలి. అప్పటిదాకా ఏదీ ఖాయంగా చెప్పలేం. "బిడ్డకి పాలివ్వకండి" అంది చివర్లో, కాగితం మీదినుంచి తల ఎత్తకుండా. ఎత్తితే చెప్పలేనని కాబోలు.

ఆ ఇల్లు అప్పట్నుంచి ఇల్లులా లేదు. మాత్రలు కడుపులో నిలవక కోడలు ఏది తిన్నా కక్కుకునేది. పాలు గడ్డకట్టి రొమ్ములు రాయిలా అయిపోతే, గోడవైపు తిరిగి పిండి పారబోసేది. బిడ్డ వాసన పట్టి తల్లి వైపే పాకేది. అవును, పాకడం అప్పుడే వచ్చింది దానికి. పాకి పాకి తల్లి ఒళ్లోకి చేరితే, తల్లి రెండు చేతులూ పైకెత్తేసి "అత్తయ్యా, తీసుకోండి, తీసుకోండి" అని అరిచేది, నిప్పు మీద పడబోయే బిడ్డని చూసినట్టు. నోరున్న పిల్ల నోరు పడిపోయింది. కొడుకు ఫోన్లో "ఎట్లా జరిగిందమ్మా" అని అడిగితే "మోతలో" అని మాత్రం అనగలిగింది చెవులమ్మ.

పని చేయలేని ఈ నెలలకి జీతమూ, మందుల ఖర్చూ ఆస్పత్రి ఇవ్వాలంటే విచారణ జరగాలన్నారు. విచారణకి పైఅంతస్తుకి పిలిచారు. గదిలో ఆ ఆఫీసరే ఉన్నాడు. ఈసారి ఆయన ముఖంలో నవ్వు లేదు, నిజమైన బాధే ఉంది.

"కూర్చోండమ్మా. మీ కోడలికి జరిగింది విని చాలా బాధపడ్డాను. మీరు ఈ పనిలో అందరికంటే అనుభవం ఉన్నవారు. ఈ పని సరిగ్గా ఎలా చేయాలో వివరంగా చెప్పండి. తొందరేం లేదు."

ఆ రోజు నోరు మూసుకుని చేసిన పాపం ఈ రోజు కడుక్కోవాలని చెవులమ్మ ముందే నిశ్చయించుకుని వచ్చింది. అంతా చెప్పింది. రేకు సంగతి, టిక్కుకీ టింగుకీ తేడా, తడిగుడ్డ చప్పుడు మింగడం, కర్రతో లాగడం, మోత వచ్చినప్పుడు బెంచీ మీద కూర్చోవడం, ఆ కూర్చోవడం ఖాళీ కాదని, అదే పనిలో అసలు పని అని. తనకే తెలియనివి ఎన్నో తన నోట విని తనే ఆశ్చర్యపోయింది. ఆయన వచ్చిన రోజు సూదులన్నీ ముందే ఏరేశానని కూడా దాచకుండా చెప్పేసింది. "మా తప్పే బాబూ. ఉన్నది ఉన్నట్టు చూపించలేదు."

ఆఫీసరు రాసుకుంటూ మధ్యలో ఆగి, ఆవిడ వైపు గౌరవంగా చూశాడు. "ఇది చాలా నేర్పున్న పనమ్మా. నేను ఊహించలేదు."

చెవులమ్మకి ఒక్క క్షణం ఒళ్లు తేలికైపోయింది. ఆ మాట కోసం ఇన్నేళ్లు ఎదురుచూశానని ఆ మాట వినేదాకా ఆవిడకే తెలియదు.

"అయితే గుచ్చుకునే ప్రమాదం లేకుండా చేసే పద్ధతి ఒకటి ఉంది. మీరు ఇన్నేళ్లూ అలాగే చేశారు, మీకేమీ కాలేదు. అంతేనా?"

"అంతే బాబూ."

"మిషన్ల మోతలో ఆపరేషన్ మూట విప్పకూడదు. మీ కోడలు విప్పింది. తడిగుడ్డ చేతుల్లోకి పోగేయకూడదు. మీ కోడలు పోగేసింది." ఆయన గొంతులో కరుకుదనం లేదు. లెక్క సరిచూసుకుంటున్న గొంతు. "అంటే పద్ధతి పాటించలేదు. పద్ధతి పాటించకపోతే అజాగ్రత్త కింద వస్తుందమ్మా. అజాగ్రత్త వల్ల జరిగినదానికి ఆస్పత్రి ఇవ్వదు."

చెవులమ్మకి అది అర్థం కావడానికి కాసేపు పట్టింది. తను చెప్పిన ప్రతి మాటా ఆయన ముందున్న కాగితం మీద కోడలి మెడకి ఉరిలా బిగుసుకుంటోంది.

"దానికి ఎవరూ నేర్పలేదు బాబూ. నేర్పనివ్వమని అడిగాను. ఒక్క పూట పక్కన ఉంటానన్నాను."

"నేర్పించే నిబంధన ఈ గ్రేడుకి లేదమ్మా. అన్‌స్కిల్డ్ పని కదా."

"మరి ఇప్పుడే నేర్పున్న పనన్నారు!"

"అన్నాను. వ్యక్తిగా అన్నాను. గ్రేడుల సంగతి వేరు, అది ముగిసిపోయింది. ఇది ప్రమాదం ఫైలు." ఆయన గ్లాసులో నీళ్లు పోసి ఆవిడ వైపు జరిపాడు. "తాగండి."

జీతమిచ్చేటప్పుడు ఆ పని ఎవరైనా చేసేస్తారు. తప్పు ఎవరి మీద వేయాలో చూసేటప్పుడు మాత్రం అది అందరికీ చేతకాదు. ఇంత చిన్న కిటుకు కనిపెట్టడానికి ఎంత చదువు చదవాలో నాకు తెలియదు గానీ, చదివినవాళ్లు అది కనిపెట్టామని కూడా గమనించినట్టు లేదు. చెవులమ్మ ఆ నీళ్లు తాగలేదు. వేలిముద్ర వేయమన్నచోట సంతకమే పెట్టి, లేచి వచ్చేసింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి కోడలు గుమ్మంలోనే కూర్చుని ఉంది. చేతికి కట్టు. బిడ్డ పక్కన చాప మీద పాలసీసా రెండు చేతులతో పట్టుకుని, ఇష్టం లేకుండా చీకుతోంది.

"ఏమన్నారు అత్తయ్యా?"

దారి పొడుగునా చెవులమ్మ ఆ ప్రశ్నకి బదులు వెతుక్కుంటూనే వచ్చింది. అజాగ్రత్త అన్నారని చెప్పాలి. ఏమీ ఇవ్వరని చెప్పాలి. నా నోటితో నేనే నిన్ను ముంచి వచ్చానని చెప్పాలి. ఒకసారి కాదు, రెండుసార్లు, మూసుకుని ఒకసారి, తెరిచి ఒకసారి. గుమ్మంలో ఆ పిల్ల ముఖం చూశాక వాటిలో ఒక్కటీ పైకి రాలేదు. వచ్చింది ఒక్కటే, అదీ అబద్ధం కాదు.

"చాలా నేర్పున్న పని అన్నారమ్మా."

"ఆయనే? ఆయన నోటితోనే అన్నాడా?"

"ఆయనే."

కోడలు ముఖం విచ్చుకుంది. ఎన్నాళ్ల తరవాతో ఆ ముఖంలోకి పాత పిల్ల తిరిగొచ్చింది. "చూశారా! ఆ రోజు మీరు నోరు విప్పలేదు గానీ, విప్పి ఉంటే అప్పుడే రాసేవాడు. పోన్లెండి, ఇప్పుడన్నా విప్పారు. ఇంక గ్రేడొచ్చినట్టే కదా అత్తయ్యా? నా చెయ్యి పోతే పోయింది, మీ బెంచీ మీకొస్తుంది. నేను ఇంట్లో ఉండి దీన్ని చూసుకుంటా. అంతే కదా?"

బిడ్డ సీసా వదిలేసి తల్లి వైపు పాకడం మొదలుపెట్టింది. చెవులమ్మ వంగి బిడ్డని చంకనేసుకుంది, సీసా తీసుకుంది, కడగాలన్నట్టుగా పెరట్లోకి నడిచింది.

"చెప్పరేం అత్తయ్యా? అంతే కదా?"

చెవులమ్మ పంపు పూర్తిగా తిప్పి, కింద ఉన్న రేకు బకెట్టులోకి నీళ్లు ధారగా వదిలింది. ఆ మోతలో ఇంకేమీ వినబడదని ఆవిడకి తెలుసు.